మైకు గొంతు అందుకోవట్లేదా? నోటి దగ్గర్నుంచి ఫైలు దాకా వెతకండి

కొత్త ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), కొత్త మైకు. మైకు సిగ్నల్ పెంచే గెయిన్ నాబ్ మూడొంతులు తిప్పే ఉంది. అయినా ప్లే చేసి వింటే గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. విజయవాడలో, గుంటూరులో ఇంట్లోనే పాఠాలు రికార్డు చేసే మాస్టార్లకూ, పాటలు పాడి పెట్టేవాళ్లకూ, పాడ్‌కాస్టులు చేసేవాళ్లకూ తరచుగా ఎదురయ్యే చిక్కు ఇది. అప్పుడు చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు: ఇంకా ఖరీదైన మైకు కొంటారు, లేదంటే ఎడిటింగులో వాల్యూమ్ లాగుతారు. మైకు మారిస్తే డబ్బు పోతుంది కానీ చిక్కు చాలాసార్లు అలాగే ఉంటుంది. వాల్యూమ్ లాగితే గొంతుతో పాటు ఫ్యాను చప్పుడూ, సుయ్‌మనే హిస్సూ అంతే పెరుగుతాయి.

గొంతు నోట్లోంచి బయల్దేరి ఫైలులో పడేలోపు దాటాల్సినవి ఇవి: గాలిలో దూరం, మైకు, వైరు, ఇంటర్‌ఫేస్, కంప్యూటర్ సెట్టింగులు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. లెవల్, అంటే గొంతు బలం, పడిపోయేది వీటిలో ఎక్కడో ఒకచోట, ఒక్కోసారి రెండు చోట్ల. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. రెండు మూడు కలిపి మారిస్తే, లెవల్ బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ పడిపోతే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

పరీక్షకు ప్రతిసారీ ఒకటే మాట, ఒకటే గొంతు వాడండి. ఆ రోజు పేపర్లోంచి ఒక పేరా తీసుకుని, రోజూ మాట్లాడే గొంతుతోనే చదవండి. "హలో, మైక్ టెస్టింగ్" అని అరిస్తే మీటరు చూపించే లెక్క అసలు రికార్డింగుకు పనికిరాదు.

ముందు మీటరు చూడండి

లెవల్ నిజంగా తక్కువగా ఉందో లేదో చెవి చెప్పలేదు, వేవ్‌ఫామ్ బొమ్మా చెప్పలేదు. మీటరే చెప్పాలి. డిజిటల్ రికార్డింగులో సున్నా డీబీ (డెసిబెల్) పైకప్పు లాంటిది, దాన్ని తాకితే సౌండు పగులుతుంది. మాట రికార్డు చేసేటప్పుడు సగటున మైనస్ 18 దరిదాపుల్లో ఉండి, గట్టిగా పలికిన చోట మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్యకు వస్తే చాలు. అది సరైన లెవల్.

చిక్కు ఏమిటంటే, సరైన లెవల్లో ఉన్న రికార్డింగు కూడా తెరమీద సన్నని గీతలా కనబడుతుంది. ఆడాసిటీలోనూ, ఇంకా చాలా సాఫ్ట్‌వేర్లలోనూ వేవ్‌ఫామ్‌ను మామూలుగా లీనియర్ కొలతలో గీస్తారు. మైనస్ 6 డీబీ అంటే ఆ బొమ్మలో సగం ఎత్తు, మైనస్ 12 అంటే పావు, మైనస్ 20 అంటే పదో వంతు. సగటు మైనస్ 18 ఉన్న గొంతు ఎనిమిదో వంతు ఎత్తులోనే కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి గెయిన్ పెంచారంటే, పాట చరణంలో పైస్థాయికి వెళ్లినప్పుడు సౌండు పగిలిపోతుంది.

హెడ్‌ఫోన్లో చిన్నగా వినబడడం ఇంకో సంగతి. ఇంటర్‌ఫేస్ మీద హెడ్‌ఫోన్ నాబ్ వేరు, మైకు గెయిన్ నాబ్ వేరు. హెడ్‌ఫోన్ నాబ్ ఎటు తిప్పినా ఫైలులో పడే లెవల్ మారదు. అలాగే యూట్యూబులో విన్న పాటతో మీ పచ్చి రికార్డింగును పోల్చకండి. ఆ పాటను మిక్సింగ్, మాస్టరింగ్ చేసి గట్టిపరిచి ఉంటారు. మీ గొంతుకు అవేవీ ఇంకా జరగలేదు.

మైకు నోటికి దగ్గరగా ఉండి, గెయిన్ మూడొంతులు దాటినా గట్టి మాటలు మైనస్ 30 దగ్గరే ఆగిపోతుంటే, అది నిజంగా తక్కువ. ఇక వెతకాలి.

అసలు ఏ మైకు రికార్డవుతోంది?

ఇది అందరూ వదిలేసే పరీక్ష, అన్నిటికన్నా తేలికైనదీ ఇదే. రికార్డింగ్ నొక్కి, మైకు జాలీ మీద గోటితో మెల్లగా గీరండి. మీటరు ఎగిరిపడాలి. తర్వాత ల్యాప్‌టాప్ కీబోర్డు పైభాగంలోనూ, స్క్రీన్ అంచున కెమెరా పక్కనా అలాగే గీరండి. మైకు దగ్గర గీరితే కదలని మీటరు ల్యాప్‌టాప్ దగ్గర గీరితే కదిలిందంటే, మీరు ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్ లోపలి మైకుతోనే రికార్డు చేస్తున్నారు. గొంతు దూరంగా, గది మోతతో వినబడడానికి కారణం అదే. సాఫ్ట్‌వేర్ ఇన్‌పుట్ డివైస్ జాబితాలో ఇంటర్‌ఫేస్ పేరు ఎంచుకుంటే సరిపోతుంది. విండోస్ అప్‌డేట్ అయినప్పుడో, యూఎస్‌బీ వైరు ఊడి మళ్లీ పెట్టినప్పుడో ఈ ఎంపిక దానంతటదే మారిపోతుంటుంది.

మూర, జానెడు, బెత్తెడు

లెవల్ తక్కువ అనే ఫిర్యాదుల్లో పెద్ద వాటా దూరానిదే. దూరం సగమైతే మైకు దగ్గర గొంతు 6 డీబీ పెరుగుతుంది. మన పాత కొలతలు ఈ లెక్కకు చక్కగా అతుకుతాయి. మూరకు రెండు జానలు, జానకు మూడు బెత్తెలు. మూర దూరంలో ఉన్న మైకును జానెడు దూరానికి తెస్తే 6 డీబీ వస్తుంది. జానెడు నుంచి బెత్తెడుకు తెస్తే ఇంకో తొమ్మిదిన్నర. మొత్తం పదిహేను డీబీ పైన, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఒక్క చుక్క హిస్సు పెరగకుండా వస్తుంది. గెయిన్ నాబ్ పెంచితే గొంతూ ఫ్యానూ కలిసి పెరుగుతాయి. దూరం తగ్గిస్తే గొంతు ఒక్కటే పెరుగుతుంది. అందుకే నాబ్ ముట్టుకునే ముందు స్టాండును దగ్గరికి లాగండి.

కరెంటు అక్కర్లేని డైనమిక్ మైకు అయితే బెత్తెడు దూరం. అంటే నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టి కొలిస్తే మైకు జాలీకి, పెదాలకు మధ్య అంతే ఉండాలి. ఇంటర్‌ఫేస్ నుంచి కరెంటు తీసుకునే కండెన్సర్ మైకు అయితే జానెడు. టేబుల్ మీద చిన్న స్టాండుకు మైకు బిగించి, కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడితే అది మూరన్నర అవుతుంది. చాలా గదుల్లో జరిగేది ఇదే. బూమ్ ఆర్మ్ కొనలేకపోతే నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి స్టాండును ఎత్తండి, నోటి ఎత్తుకు రావాలి.

బెత్తెడు దూరంలో రెండు ఇబ్బందులు వస్తాయి. "ప", "ఫ", "భ" లాంటి అక్షరాలకు గాలి దెబ్బ తగిలి బుస్సుమంటుంది. పాప్ ఫిల్టర్ పెట్టండి, లేదా మైకును నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకు జరిపి, దాని ముఖం మాత్రం నోటివైపే ఉంచండి. రెండోది, దగ్గరయ్యేకొద్దీ గొంతులో బేస్ పెరుగుతుంది. 80 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (కింది శబ్దాలను కోసేసే ఫిల్టర్) పెడితే తగ్గుతుంది.

దూరాన్ని పనిముట్టుగా వాడుకోవడం రేడియో నాటకాలవాళ్లకు మామూలు విద్య. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటినుంచి మనకు అలవాటైన ఆ వినికిడిలో నటులు గుసగుసకు మైకు ముందుకు, కేకకు వెనక్కి జరగడం ఉంది. ఇంట్లో పాడేవాళ్లూ పైస్థాయిలో కాస్త వెనక్కి జరగడం అలవాటు చేసుకుంటే, చిన్నగా పాడే చోట గెయిన్ ధైర్యంగా పెట్టుకోవచ్చు.

మైకు ముఖం ఎటుందో కూడా చూడండి. పక్కనుంచి మాట్లాడాల్సిన కండెన్సర్ మైకులను ఐస్‌క్రీం మైకు మాదిరిగా కొననుంచి మాట్లాడేవాళ్లు చాలామంది. ఏటీ2020 లాంటి మైకుల్లో కంపెనీ గుర్తు ఉన్న వైపు ముఖం. రోడ్ ఎన్‌టీ1-ఏ మైకులో బంగారు రంగు చుక్క ఉన్న వైపు. వెనకవైపు మాట్లాడితే లెవల్ బాగా పడిపోతుంది, గొంతు మసకబారుతుంది.

మీ మైకుకు ఎంత గెయిన్ కావాలి?

ఒకే శబ్దానికి మైకులన్నీ ఒకే వోల్టేజీ ఇవ్వవు. గాలిలో 94 డీబీ శబ్దానికి (ఇది రికార్డింగ్ మీటరు డీబీ కాదు) షూర్ ఎస్‌ఎం7బి 1.12 మిల్లీవోల్టులు ఇస్తుంది, ఎస్‌ఎం58 సుమారు 1.85, ఆడియో-టెక్నికా ఏటీ2020 సుమారు 14, రోడ్ ఎన్‌టీ1-ఏ 25. అంటే ఎస్‌ఎం7బికీ ఏటీ2020కీ మధ్య 22 డీబీ తేడా. స్నేహితుడి ఇంట్లో కండెన్సర్ మైకుకు నాబ్ సగం తిప్పితే సరిపోయిందని, మీ డైనమిక్ మైకుకూ సగమే తిప్పితే గొంతు వినబడనే వినబడదు.

మామూలు మాట గొంతుతో, బెత్తెడు దూరంలో, సగటు మైనస్ 18 రావాలంటే ఏటీ2020కు 40 డీబీ లోపు గెయిన్ చాలు. ఎస్‌ఎం58కు 55 దగ్గర కావాలి. ఎస్‌ఎం7బికి 60, అంతకన్నా తగ్గకూడదని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. ఇప్పుడు ఇంటర్‌ఫేస్ లెక్క చూడండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ మూడో తరం సోలో, 2ఐ2 రెండూ మైకుకు 56 డీబీ దాకా ఇస్తాయి. నాలుగో తరం సోలో 57, అదే తరం 2ఐ2 అయితే 69 ఇస్తుంది. మూడో తరం స్కార్లెట్‌కు ఎస్‌ఎం7బి తగిలించి నాబ్ చివరిదాకా తిప్పినా లెవల్ చాలలేదంటే, అందులో చెడిపోయింది ఏమీ లేదు. లెక్కే చాలలేదు. ఇంటర్‌ఫేస్ కొనేముందు దాని వివరాల పేజీలో మైకు గెయిన్ రేంజ్ అనే అంకె ఒక్కటి చూసుకుంటే ఈ గొడవ ఉండదు.

నాబ్‌ను చివరిదాకా తిప్పడం తప్పేమీ కాదు. చవక ఇంటర్‌ఫేసుల్లో గెయిన్ నాబ్ అంతటా సమానంగా పెరగదు, చివరి పావు తిప్పులో ఒక్కసారిగా ఎగుస్తుంది. మూడొంతుల దగ్గర ఆపేసి "ఇంతే వస్తోంది" అనుకునేవాళ్లు ఆ చివరి భాగాన్ని వాడుకోకుండా వదిలేస్తున్నారు. మెల్లగా తిప్పి, మీటరు చూసి, హిస్సు మొదలయ్యే చోట ఆపండి.

వైరు, పిన్నులు, మీటలు

మైకు నుంచి ఇంటర్‌ఫేస్‌కు వెళ్లే వైరుకు రెండు చివర్లా మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉండాలి. మైక్‌సెట్ల కోసం అమ్మే డైనమిక్ మైకులతో ఒకవైపు ఎక్స్‌ఎల్‌ఆర్, రెండోవైపు లావు జాక్ ఉన్న వైరు వస్తుంటుంది. ఆ లావు జాక్‌ను ఇంటర్‌ఫేస్ కాంబో సాకెట్ మధ్యలో గుచ్చితే అది చాలా ఇంటర్‌ఫేసుల్లో మైకు ప్రీఆంప్ (గెయిన్ ఇచ్చే భాగం) దారిలో కాక లైన్ దారిలో పోతుంది. అక్కడ మైకుకు కావలసిన గెయిన్ ఉండదు, 48 వోల్టులూ రావు. నాబ్ ఎంత తిప్పినా గొంతు లేవదు. వైరు మార్చడమే మందు.

మీటలు చూడండి. ఇన్‌స్ట్రుమెంట్ అని రాసిన మీట గిటారు కోసం, మైకుకు ఆపి ఉంచండి. ప్యాడ్ మీట నొక్కి ఉంటే లెవల్ తగ్గిపోతుంది. అది డ్రమ్స్ లాంటి గట్టి శబ్దాల కోసం. కొన్ని ఇంటర్‌ఫేసుల మీదా, కొన్ని మైకుల ఒంటి మీదా ఈ ప్యాడ్ ఉంటుంది. మైకు మీద మైనస్ 10 అని చిన్న అక్షరాల్లో ఉంటే అదే.

కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ తప్పనిసరి. అది లేకపోతే కొన్ని పూర్తిగా మూగబోతాయి, కొన్ని లీలగా పలుకుతాయి. వేసే వరస ఇది: గెయిన్ పూర్తిగా తగ్గించండి, వైరు తగిలించండి, 48 వోల్టుల మీట నొక్కండి, కొన్ని సెకన్లు ఆగండి, అప్పుడు గెయిన్ పెంచండి. బీఎం-800 పేరుతో దొరికే కండెన్సర్ మైకులతో సన్నజాక్ వైరు వస్తుంది. దాన్ని ల్యాప్‌టాప్ హెడ్‌సెట్ సాకెట్లో పెడితే కొద్ది వోల్టులే అందుతాయి. అదే మైకును మూడు పిన్నుల వైరుతో ఇంటర్‌ఫేస్‌కు పెట్టి, 48 వోల్టులు ఇచ్చి చూడండి, తేడా వెంటనే వినిపిస్తుంది. చొక్కాకు పెట్టుకునే సన్నజాక్ కాలర్ మైకుది దీనికి తిరగేసిన చిక్కు: దానికి కొద్ది వోల్టులే కావాలి, 48 కాదు. మధ్యలో ఫాంటమ్‌ను తగ్గించి ఇచ్చే అడాప్టర్ లేకుండా ఇంటర్‌ఫేస్‌కు పెట్టకండి.

మామూలు మల్టీమీటరు ఉంటే రెండు కొలతలు చేతిలో ఉన్నట్టే. మొదటిది ఫాంటమ్. డీసీ వోల్టుల్లో పెట్టి, 48 వోల్టుల మీట వేసి, మైకు ఊడదీసిన వైరు చివర కొలవండి. నల్ల ప్రోబ్ ఒకటో పిన్ను మీద, ఎర్ర ప్రోబ్ రెండో పిన్ను మీద. తర్వాత ఎర్రదాన్ని మూడో పిన్నుకు మార్చండి. రెండు చోట్లా 44 నుంచి 52 మధ్య, దాదాపు ఒకే అంకె రావాలి. ప్రోబ్‌లు రెండు పిన్నులకు కలిపి తగలకుండా చూసుకోండి. ఒకచోట 48 వచ్చి ఇంకోచోట సున్నా వస్తే వైరులో ఒక తీగ తెగింది. రెండు చోట్లా బాగా తక్కువ వస్తే ఇంటర్‌ఫేస్‌కు కరెంటు చాలడం లేదు. ఫోన్‌కు ఓటీజీతో పెట్టినా, పవర్ లేని యూఎస్‌బీ హబ్‌కు పెట్టినా ఇదే జరుగుతుంది. కంప్యూటర్ పోర్టుకు నేరుగా పెట్టండి, ఫోనైతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి.

రెండో కొలత వైరుది. రెండు చివర్లూ ఊడదీసి, కంటిన్యుటీలో పెట్టి ఒకటికి ఒకటి, రెండుకు రెండు, మూడుకు మూడు బీప్ రావాలి. ఒకటికి రెండు, రెండుకు మూడు బీప్ రాకూడదు. బీప్ వస్తున్నంతసేపూ వైరును ప్లగ్గు దగ్గర వంచి చూడండి, తెగేది సాధారణంగా అక్కడే. రెండు, మూడు పిన్నుల తీగల్లో ఒకటి తెగితే మైకు పూర్తిగా ఆగకపోవచ్చు. గొంతు పల్చబడి, లెవల్ పడిపోయి, గుయ్‌మనే హమ్ పైకొస్తుంది. దీన్ని మైకు పాడైందని పొరబడడం తేలిక. మైక్‌సెట్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర ఇలాంటి వైరుకు కొత్త ప్లగ్గు వేసి సోల్డరింగ్ చేయించుకోవచ్చు.

కంప్యూటర్ లోపల

విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, అందులో ఇంటర్‌ఫేస్ పేరు మీద నొక్కితే ఇన్‌పుట్ వాల్యూమ్ స్లైడర్ కనిపిస్తుంది. 100 మీద ఉంచండి. కొన్ని ఇంటర్‌ఫేసులు ఈ స్లైడర్‌ను పట్టించుకోవు, పట్టించుకునేవాటిలో అది 30 మీద ఉంటే ఎంత గెయిన్ ఇచ్చినా ఫలితం ఉండదు. ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా చూడాలి. జూమ్‌లో మైకు వాల్యూమ్‌ను తనంతట తనే సర్దుకునే సెట్టింగు ఉంటుంది, అది ఈ స్లైడర్‌ను జరుపుతుంది. పొద్దున క్లాసులో గట్టిగా మాట్లాడితే జూమ్ కిందికి దించుతుంది, మధ్యాహ్నం ఆడాసిటీలో రికార్డు చేస్తే లెవల్ ఉండదు. నిన్న బాగానే ఉంది, ఇవాళ ఏమైందో తెలియదు అనే కేసుల్లో ముందు దీన్ని అనుమానించండి. జూమ్‌లో ఆ సెట్టింగు తీసేయండి. విండోస్ సౌండును దాటి ఇంటర్‌ఫేస్‌తో నేరుగా మాట్లాడే ఆసియో డ్రైవర్‌తో రికార్డు చేస్తే ఈ స్లైడర్ గొడవే ఉండదు.

ఆడాసిటీలో ఇంకో మెలిక ఉంది. రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్‌ను మోనోలో రికార్డు చేస్తే విండోస్ కొన్నిసార్లు రెండు చానెళ్లనూ కలిపి సగం చేస్తుంది. మైకు ఉన్నది ఒకదాంట్లోనే కాబట్టి లెవల్ 6 డీబీ పడిపోతుంది. ఇంటర్‌ఫేస్ మీద ఎర్రలైటు వెలిగి సౌండు పగులుతున్నా, తెరమీద మాత్రం వేవ్‌ఫామ్ సగం ఎత్తు దగ్గరే నరికినట్టు ఆగిపోతుంది. గుర్తు అదే. స్టీరియోలో రికార్డు చేసి, తర్వాత ట్రాక్‌ను రెండుగా విడదీసి, ఖాళీదాన్ని తీసేయండి. రీపర్‌లో అయితే ట్రాక్ ఇన్‌పుట్‌ను మోనో ఇన్‌పుట్ 1 అని ఎంచుకుంటే చాలు. ఓబీఎస్‌లో గొంతు ఒక చెవిలోనే వస్తుంటే, అడ్వాన్స్‌డ్ ఆడియో సెట్టింగుల్లో మోనో అనే గడిలో టిక్ పెట్టాలి.

హెడ్‌ఫోన్లో బాగానే వినబడి, ఫోన్ స్పీకర్లో పెడితే గొంతు మాయమైపోతే అది లెవల్ చిక్కు కాదు. మిక్సర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌ను (ఒకే గొంతును ఒక తీగలో తిన్నగా, ఇంకో తీగలో తిరగేసి పంపేదాన్ని) స్టీరియో వైరుతో కెమెరాకో ఫోన్‌కో ఇచ్చి ఉంటారు. ఎడమ, కుడి చానెళ్లు ఒకదానికొకటి తిరగబడి వచ్చి, మోనోలో కలిసినప్పుడు కొట్టుకుపోతాయి. ఎడిటింగులో ఒక చానెల్ మాత్రమే ఉంచుకుంటే ఆ ఫైలు దక్కుతుంది.

ఫ్యాను ఆపలేని గదిలో

ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం తలుపులు మూసి, ఫ్యాను ఆపి పాఠం చెప్పమనడం సలహా కాదు. గెయిన్ ఎంత పెట్టగలరో చివరికి నిర్ణయించేది గది చప్పుడే. పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. మీటరు మైనస్ 60 దగ్గర కానీ, ఇంకా కింద కానీ ఉంటే నిశ్చింతగా ఉండండి. మైనస్ 45 దగ్గర ఉంటే, లెవల్ పెంచినకొద్దీ ఆ చప్పుడే ముందుకొస్తుంది.

ఇలాంటి గదికి మా ఎంపిక ముందువైపే ఎక్కువగా వినే కార్డియాయిడ్ డైనమిక్ మైకు, బెత్తెడు దూరంలో. కండెన్సర్ మైకుకు సిగ్నల్ ఎక్కువే కానీ, దాన్ని జానెడు దూరంలో పెట్టేసరికి ఫ్యానూ, రోడ్డు మీది హారనూ గొంతుతో పోటీపడతాయి. కార్డియాయిడ్ మైకు వెనకవైపు చెవుడు. చప్పుడు కిటికీ వైపు నుంచి వస్తుంటే, కిటికీకి ఎదురుగా కూర్చోండి, అప్పుడు మైకు వీపు కిటికీ వైపు ఉంటుంది. మైకు ముఖానికి కనబడేది మీ వెనక గోడ. అక్కడ బట్టల బీరువా తలుపులు తెరిచి ఉంచినా, పరుపు నిలబెట్టినా గది మోత తగ్గుతుంది. సీలింగ్ ఫ్యాను తిన్నగా తలమీద ఉండకుండా కుర్చీ జరపండి, వేగం ఒకటి రెండు మెట్లు తగ్గించండి. మైకు మీదికి గాలి నేరుగా కొట్టకపోతే సగం గరగర పోతుంది.

హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ ఊడదీసి బ్యాటరీ మీద చూడండి. ఆగిపోతే కారణం చార్జర్ గానీ, ఆ ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ సరిగా లేకపోవడం గానీ. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించుకోండి, మూడో పిన్ను విరిచేసి మాత్రం వాడకండి.

వానాకాలంలో కండెన్సర్ మైకులు తేమకు మొరాయిస్తాయి. చిటపటలు వినిపించినా, లెవల్ తగ్గుతూ పెరుగుతూ ఉన్నా శబ్దాన్ని పట్టే క్యాప్సూల్‌లో తేమ చేరిందేమో చూడాలి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఒకట్రెండు రోజులు ఉంచితే చాలావరకు కుదుటపడుతుంది. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ కొట్టడం వద్దు, పల్చటి డయాఫ్రమ్ దెబ్బతింటుంది.

బూస్టర్ ఎప్పుడు కొనాలి?

దూరం, వైరు, మీటలు, స్లైడరు అన్నీ సరిచూశాక, డైనమిక్ మైకు బెత్తెడు దూరంలో ఉండి, నాబ్ చివరిదాకా తిప్పినా మైనస్ 18 సగటు రాకపోతే అప్పుడు. మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య పెట్టి సిగ్నల్ పెంచే పరికరాలే బూస్టర్లు: క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1 సుమారు 25 డీబీ, ఫెట్‌హెడ్ సుమారు 27 డీబీ కలుపుతాయి. రెండూ 48 వోల్టుల మీదే నడుస్తాయి కాబట్టి, డైనమిక్ మైకే అయినా ఇంటర్‌ఫేస్ మీద ఫాంటమ్ వేయాలి. అది మరిచి "బూస్టర్ పెట్టాక అసలే వినబడట్లేదు" అనుకునేవాళ్లున్నారు. ఆ వోల్టులు బూస్టర్ దగ్గరే ఆగిపోతాయి, మైకుకు వెళ్లవు, అందుకే మామూలు బూస్టర్ కండెన్సర్ మైకుకు పనికిరాదు. పెట్టేముందు గెయిన్ పూర్తిగా దించి, తర్వాత మెల్లగా పెంచండి. లెవల్ సరిపోతున్నా హిస్సు లేకుండా ఉండాలని బూస్టర్ కొంటే డబ్బు దండగే కావచ్చు. ఇప్పటి ఇంటర్‌ఫేసుల్లో ప్రీఆంపులు శుభ్రంగానే ఉంటాయి, వినబడే హిస్సులో ఎక్కువ భాగం గదిదే.

వీణకో వయొలిన్‌కో అతికించే కాంటాక్ట్ పికప్‌కు ఇవేవీ వర్తించవు. దాన్ని లైన్ ఇన్‌పుట్‌లో పెడితే లెవల్ తగ్గి, మంద్రస్థాయి అంతా సన్నబడి, రేకు మీద మీటినట్టు వస్తుంది. ఇలాంటి పీజో పికప్‌కు 1 మెగోమ్ దరిదాపు ఇంపీడెన్స్ (ఇన్‌పుట్ చూపే నిరోధం) కావాలి. ఇందాక మైకుకు ఆపమన్న ఇన్‌స్ట్రుమెంట్ మీటను ఇక్కడ వేయాలి.

రికార్డు అయ్యాక

24 బిట్‌లో రికార్డు చేయండి. గది నిశ్శబ్దంగా ఉంటే, గట్టి మాటలు మైనస్ 20 దగ్గరే ఉన్నా తర్వాత 10 డీబీ లేపితే నాణ్యత పోదు. పగిలిన సౌండును పూర్తిగా బాగుచేయడం మాత్రం ఎవరి తరమూ కాదు. ముందు లో-కట్, తర్వాత మెల్లని కంప్రెసర్ (గట్టి, చిన్న మాటల తేడా తగ్గించేది), చివర లిమిటర్ (హద్దు దాటనివ్వనిది) మైనస్ 1 దగ్గర. యూట్యూబ్ మైనస్ 14 లఫ్స్ (మొత్తం మీద చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే అంకె) దరిదాపుకు మించి గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, తక్కువగా ఉన్నవాటిని మాత్రం మామూలుగా పెంచదు. కాబట్టి మీ ఫైలును మీరే ఆ అంకె దగ్గరికి తెచ్చి అప్‌లోడ్ చేయండి.

ఇవన్నీ చూశాక కూడా లెవల్ లేవకపోతే వస్తువులు మార్చి చూడాలి. అదే వైరుతో ఇంకొకరి మైకు, తర్వాత అదే మైకుతో ఇంకో ఇన్‌పుట్, తర్వాత ఇంకో కంప్యూటర్. మైకు మారిస్తే బాగుంటే మైకుది దోషం. రెండో ఇన్‌పుట్‌లో బాగుంటే ఇంటర్‌ఫేస్ మొదటి ప్రీఆంప్‌ది. డైనమిక్ మైకును వైరు తీసి, ఓముల్లో పెట్టిన మల్టీమీటరుతో రెండు, మూడు పిన్నుల మధ్య కొలిస్తే ఒక అంకె చూపాలి. మైకు స్విచ్ వేసి ఉన్నా ఏమీ చూపకపోతే లోపల చుట్ట తెగింది. లోపల పల్చటి లోహపు రిబ్బన్ ఉండే రిబ్బన్ మైకును మాత్రం ఇలా కొలవకండి, రిబ్బన్ దెబ్బతింటుంది. వారంటీకి పంపేటప్పుడు "సౌండ్ తక్కువ" అని రాసి ఊరుకోకండి. మైకు పేరు, దూరం, నాబ్ ఎక్కడుందో, మీటరు ఎంత చూపిందో, రెండు పిన్నుల మీద ఎన్ని వోల్టులు వచ్చాయో, ఏ ఇన్‌పుట్‌లో బాగుందో రాయండి. పదిహేను సెకన్ల రికార్డింగు ఫైలు కూడా జతచేయండి.